బొల్లి మచ్చల శాతం ఎవరి చేత్తో కొలవాలి?

కావలి నాన్న:
మా పాపకు పన్నెండేళ్లు. మోకాళ్ల మీద, వీపు మీద, పెదవి పక్కన తెల్లమచ్చలు. ఏప్రిల్‌లో ఒక డాక్టరు చీటీ మీద 2 శాతం అని రాశారు. జులైలో ఇంకో డాక్టరు 4 అన్నారు. మచ్చలు రెట్టింపయ్యాయా, కొలతలో తేడానా? నిద్ర పట్టడం లేదు.

పెన్నా గట్టు:
ముందు టెన్షన్ తగ్గించుకో తమ్ముడూ. ఇది అరచేతి లెక్క. రోగి చెయ్యి వేళ్లతో సహా ఒంటి చర్మంలో దాదాపు 1 శాతం. వేళ్లు వదిలేసి ఉత్త అరచెయ్యే పెడితే అది అర శాతమే. ఆ అరను ఒకటిగా లెక్కేస్తే 2 కాస్తా 4 అయిపోతుంది. ఎలా కొలిచారో అడిగావా?

కనిగిరి బస్సు:
పాప చెయ్యా, డాక్టరు చెయ్యా?

పెన్నా గట్టు:
పాప చెయ్యే. పెద్దవాళ్ల చెయ్యి పెడితే శాతం తక్కువ చూపిస్తుంది.

ఒంగోలు రాయి:
చేత్తో కొలిచేదీ ఒక కొలతేనా? మాది చీమకుర్తిలో రాయి వ్యాపారం. పలకను జానతో కొలిచి బిల్లు రాస్తే ఎవడైనా ఒప్పుకుంటాడా? ఫోటో తీసి కంప్యూటర్లో కొలవాలి.

పెన్నా గట్టు:
పలక చదునుగా ఉంటుంది, మోకాలు గుండ్రం. పక్కలకు తిరిగిన మచ్చ ఫోటోలో సన్నగా పడుతుంది. ఫోటోలు వద్దనను. ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి తీస్తే పోల్చుకోవడానికి బాగుంటాయి. ఇంకో సంగతి. బొల్లి ఎంత ఉందో కొలవడానికి 2004లో వచ్చిన వాసి (VASI) అనే స్కోరులో వైశాల్యం ఒక్కటే చూడరు, రంగు ఎంత పోయిందో కూడా చూసి గుణిస్తారు. 4 చేతులంత చోటులో సగం రంగు మిగిలి ఉంటే స్కోరు 2. ఒకాయన స్కోరు రాసి, ఇంకొకాయన ఉత్త వైశాల్యం చెప్పారేమో.

మూలపేట శ్రీను:
చేపల పులుసు మానేస్తే తగ్గుతుందంటారు మా ఇంట్లో.

పెన్నా గట్టు:
చేపలకూ దీనికీ సంబంధం లేదు. ఒంటి రక్షణ వ్యవస్థే రంగునిచ్చే కణాల మీద దాడి చేస్తుంది. పాప నోరు కట్టెయ్యకండి.

ఒంగోలు రాయి:
జాన సంగతికి జవాబు రాలేదు.

పెన్నా గట్టు:
చెప్పాను. మళ్లీ చదువు.

ఒంగోలు రాయి:
చదివానక్కా. బడిలో పాఠం చెప్పినట్టు చెబుతున్నారు. మా చెల్లెలికి అర శాతం కూడా లేదు. మీ లెక్కలో అది ఏమీ లేనట్టే. కానీ ఆ కాస్తా కనురెప్ప మీద, పెదవి మీద ఉంది. తాంబూలాలు అయ్యాక అబ్బాయి మేనమామ ఎంత శాతమని అడిగాడు. మా నాన్న దాచకుండా డాక్టరు కాగితం చూపించాడు. ఇవాళ అర, రేపు యాభై అవదని ఏంటని సంబంధం వదులుకున్నారు. ఆ కాగితం ఇంట్లో లేకపోయినా బాగుండేది.

పెన్నా గట్టు:
వాళ్లు కాగితం లేకపోయినా అదే పని చేసేవాళ్లు. నాకు 30 ఏళ్లుగా బొల్లి. మొదట్లో కొలిచిన వాళ్లు లేరు. పనిచెయ్యని మందు ఐదేళ్లు వాడాను. ఒక అంకె ఉండుంటే ఏడాదిలో మానేసేదాన్ని. 2022లో అమెరికాలో బొల్లికి అనుమతించిన రుక్సోలిటినిబ్ పూతమందు ఒంట్లో 10 శాతం చర్మానికి మించి రాయకూడదు. కొలవకుండా ఎలా రాస్తావు? మీ చెల్లెలి కష్టానికి కొలతను తిట్టకు.

ఒంగోలు రాయి:
మీరు మందు కోసం కొలుస్తున్నారు. మా వాకిట్లోకి వచ్చినవాళ్లు పిల్లను కొలిచారు. నా బాధ అది. జాన, ఫోటో అని ఇందాకటి నుంచి ఊరికే వాదించాను.

కనిగిరి బస్సు:
పాప తండ్రి ఏడీ?

కావలి నాన్న:
ఇక్కడే ఉన్నా. ఒక సంగతి చెప్పలేదు. జులై నుంచి రోజూ రాత్రి పాప నిద్రపోయాక టార్చి వేసి నేనే కొలుస్తున్నాను. దాని చెయ్యి అట్టముక్క మీద గీసి కత్తిరించి పెట్టుకున్నాను. చిటికెనవేలు దగ్గర అట్ట నలిగిపోయింది కూడా. మొన్న మోకాలి మీద పెడుతుంటే కళ్లు తెరవకుండానే "ఈరోజు ఎంత నాన్నా?" అంది.

పెన్నా గట్టు:
ఆ అట్ట డాక్టరు దగ్గర ఇచ్చెయ్ తమ్ముడూ. మూడు నెలలకోసారి ఆయనే కొలుస్తారు. వేళ్లతో సహా కొలవమని చెప్పు.

ఒంగోలు రాయి:
ఎవరికీ ఇవ్వొద్దన్నా. చించెయ్.