పడవ షెడ్డులో లైట్లు ఎన్ని, ఎక్కడ?

పోరూరు నుంచి:
అందరికీ నమస్తే. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది, 22 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. అందులో 16 అడుగుల చెక్క కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కడుతున్నాను, సన్న పట్టీల్ని అంచుకి అంచు జిగురు పెట్టి అతికించే రకం. పట్టీలన్నీ అయిపోయాయి, మౌల్డుల (పడవ ఆకారానికి నిలబెట్టిన అచ్చుల) మీద బోర్లా ఉంది, ఇక చిత్రిక పట్టడం, శాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం), ఆ తర్వాత గ్లాసు గుడ్డ (ఫైబర్‌గ్లాస్), దాని మీద పూసే రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు ద్రవం). పగలంతా ఆఫీసే కాబట్టి పని రాత్రి 8 దాటాకే మొదలవుతుంది. షెడ్డు నడిమధ్యలో రెండు ట్యూబ్‌లైట్లు ఉన్నాయి, పైన బాగానే వెలుతురు పడుతుంది గానీ పక్కలకి వంగితే నా నీడే నాకు అడ్డం. 100 వాట్ల ఫ్లడ్ లైటు ఒకటి తగిలిస్తే సరిపోతుందా, ట్యూబులే పెంచాలా? తెల్లదా, పసుపుదా? కాస్త చెప్పండి.

అంబత్తూరు నుంచి:
ఫ్లడ్ లైటు జోలికి పోకు తమ్ముడూ. ఒకే చోటి నుంచి వచ్చే వెలుతురు ఎంత ఎక్కువైతే నీడ అంత నల్లగా పడుతుంది, పైగా కళ్లు జిగేల్‌మంటాయి. పొడుగాటి ట్యూబులు వరుసగా ఉంటే ఒకదాని నీడని ఇంకోటి చెరిపేస్తుంది.

లెక్క కూడా చూసుకో. నీ షెడ్డు ఇంచుమించు 22 చదరపు మీటర్లు. చెక్కపనికి 400, 500 లక్స్ (పని మీద పడే వెలుతురు కొలత) ఉంటే హాయిగా కనిపిస్తుంది. 4 అడుగుల 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు 2000 ల్యూమెన్ల (లైటు మొత్తంగా ఇచ్చే వెలుతురు కొలత) దాకా ఇస్తుంది, అందులో గోడలూ రేకులూ మింగేసేది పోను సగం కంటే కాస్త ఎక్కువే పని మీదకి చేరుతుంది. ఆ లెక్కన నీ రెండు ట్యూబులకి వచ్చేది 100 లక్స్ చిల్లర. ఎనిమిది వేయించు. మధ్యలో వేయించకు, పడవకి ఆ పక్క ఒక వరుస, ఈ పక్క ఒక వరుస, వరుసకి నాలుగు. నాలుగు నాలుగులు పదహారు, నీ పడవ పొడవూ అంతే. వరుస సరిగ్గా పడవ అంచుకి నెత్తిన రావాలి. గోడకి కొట్టిస్తే మళ్లీ నీ వీపు వెనకకి పోతుంది, నీడ మామూలే.

గోడలకి తెల్ల సున్నం కొట్టించు. బోర్లా ఉన్న పడవకి కింది అంచుల దాకా పై వెలుతురు దిగదు, గోడ మీద పడి తిరిగొచ్చేదే దానికి గతి. సున్నం ఖర్చెంత, ఇంకో రెండు ట్యూబుల ఖర్చెంత, నువ్వే చూసుకో.

పెరంబూరు నుంచి:
అన్న చెప్పింది పని చేసుకోవడానికి పనికొచ్చే వెలుతురు. తప్పులు పట్టుకోవడానికి ఇంకోటి వేరుగా కావాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. 2 అడుగుల ఎల్ఈడీ బ్యాటెన్ (పట్టీలా ఉండే ట్యూబ్‌లైటు) ఒకటి కర్రకి కట్టుకోండి, పొడుగు వైరు పెట్టండి. శాండింగ్ అప్పుడు పై లైట్లన్నీ ఆర్పేసి, దీన్ని చెక్కకి దాదాపు ఆనించి, ఏటవాలుగా వెలుతురు పాకేలా పట్టుకోండి. పై వెలుతురులో అద్దంలా నున్నగా కనిపించిన చోటే పట్టీకి పట్టీకి మధ్య మెట్టు, గట్టిపడిన జిగురు చుక్క, 80 నంబరు గరుకు కాగితం గీసిన అడ్డగీతలు అన్నీ నీడలతో సహా లేచి నిలబడతాయి. వాటి మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని, ఆ గీతలు పోయేదాకా రుద్దండి. గుడ్డ వేసి రెసిన్ పూశాక మిగిలిపోయిన అడ్డగీతలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అప్పుడు చేయగలిగిందేమీ లేదు.

ఇంకో పని, మౌల్డుల మీద నుంచి తీయకముందే చేయండి. అదే లైటుని పడవ కింద, లోపలకి తోసి మిగతావన్నీ ఆర్పండి. పట్టీల మధ్య సందు ఎక్కడుంటే అక్కడ వెలుగు గీత బయటికి కనిపిస్తుంది. ఆ సందులు ఇప్పుడే పూడ్చుకోకపోతే రెసిన్ వాటిలోంచి లోపలకి కారి గట్టిపడుతుంది, లోపలి శాండింగ్‌లో చుక్కలు కనబడతాయి.

పోరూరు నుంచి:
అబ్బ, ఈ లోపల లైటు సంగతి అస్సలు తట్టలేదు! రెసిన్ పూసేటప్పుడు కూడా ఇదే పద్ధతా అన్నా?

పెరంబూరు నుంచి:
అప్పుడు రెండూ కావాలి. గుడ్డ తడిస్తే కనిపించకుండా పోతుంది, రెసిన్ అందని చోట తెల్లగా మిగులుతుంది, అది చూడ్డానికి పై వెలుతురు చాలు. సమంగా పరిచారా లేదా అన్నది మాత్రం తడి మీద పడిన ట్యూబు నీడలో, అంటే దాని ప్రతిబింబంలో తెలుస్తుంది. అటూ ఇటూ నడుస్తూ చూడండి, ఆ తెల్లగీత తిన్నగా జారుతూ వస్తే సరే, ఎక్కడైనా వంకర తిరిగిందంటే అక్కడ గుంటో, గడ్డో ఉంది. కారు డెంటింగ్ చేసేవాళ్లూ ఇదే పట్టుకుంటారు.

హాలోజన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. దాని వేడికి చెక్కలో ఉన్న గాలి వ్యాకోచించి రెసిన్‌లో బుడగలు లేస్తాయి. వేడి తగ్గుతూ వచ్చే వేళ పూయడం మంచిదంటారు కాబట్టి మీ రాత్రి పని ఈ ఒక్క విషయంలో కలిసొచ్చింది. ఐప్పసి (అక్టోబరు-నవంబరులో వచ్చే తమిళ నెల), కార్తీక వానల్లో మాత్రం జాగ్రత్త, ఈసుళ్లు (రెక్కల చెదపురుగులు) తెల్ల లైటు చూస్తే గుంపుగా దిగుతాయి, తడి రెసిన్‌లో పడ్డ ఈసురు రెక్క తీయబోతే గుడ్డ చెదురుతుంది. తలుపులకి దోమతెర కట్టి, షెడ్డుకి దూరంగా బయట ఒక తెల్ల బల్బు వేసి ఉంచండి, చాలా మటుకు అటే పోతాయి.

వేలచేరి నుంచి:
రంగు గురించి ఎవరూ చెప్పలేదు. వెలుతురు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలి తెలుపు, తగ్గేకొద్దీ పసుపు. షాపులో అడక్కపోతే 6500 కెల్విన్ చేతిలో పెడతారు, దానిలో చెక్క పాలిపోయి కనిపిస్తుంది. 4000 కెల్విన్, న్యూట్రల్ వైట్ అని అడిగి తీసుకోండి, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 100 దాకా ఉంటుంది) 90 దాటినది దొరికితే పట్టీల ఎరుపూ గోధుమరంగూ పగటి వెలుతురులో ఉన్నట్టే కనిపిస్తాయి. మన చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు గోవిందప్ప నాయకన్ వీధిలో దొరుకుతాయి. కొనేముందు వెలిగించి సెల్ కెమెరాలో చూడండి, అడ్డ చారలు పాకుతుంటే అది మినుకుమినుకులాడే సరుకు. మామూలు కంటికి తెలియదు గానీ, తిరిగే రంపం పళ్లు అలాంటి లైటులో నిలబడి ఉన్నట్టో మెల్లగా తిరుగుతున్నట్టో కనిపించొచ్చు, వేళ్లు పోయే వ్యవహారం అది.

షెడ్డులో సీలింగ్ ఫ్యాను ఉంటే ట్యూబులు రెక్కల కంటే కిందకి రావాలి, లేకపోతే రెక్కల నీడ పని మీద తిరుగుతూ తల తిప్పేస్తుంది. మూత ఉన్న ఐపీ 65 (దుమ్మూ నీళ్లూ లోపలికి పోని రకం) ఫిట్టింగులు తీసుకుంటే రంపపు పొట్టు తడిగుడ్డతో తుడిచేయొచ్చు. రేకుల షెడ్డు, వాన చెమ్మ, చేతిలో వైరు లైటు, ఇవన్నీ కలిశాక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా స్విచ్ వేయకండి.

పోరూరు నుంచి:
ఫ్యాను ఉంది అక్కా, భలే గుర్తు చేశారు. ఒక్క సందేహం, పడవ వెల్లకిలా తిప్పాక లోపలి పనికి ఈ వరుసలు పనికొస్తాయా, మార్చాలా?

అంబత్తూరు నుంచి:
వరుసలు కదిలించక్కర్లేదు, కానీ ఇప్పుడే గొలుసులకి వేలాడదీయించు, బిగించేయకు. తిప్పాక పడవ తొట్టెల (దాన్ని నిలబెట్టే స్టాండ్ల) మీద ఇంకా ఎత్తుకో కిందకో వస్తుంది, దాన్ని బట్టి రెండు కొంకులు మార్చుకుంటే చాలు. లోపల శాండింగ్‌కి ఆ కర్ర లైటుని ముక్కు దగ్గర పడవలోనే పడుకోబెట్టు, వెలుతురు పొడుగునా పాకుతుంది. రెండు వరుసలకీ వేరే వేరే స్విచ్‌లు పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పు, ఒక పక్క ఆర్పి చూడాల్సిన అవసరం రోజూ వస్తుంది.