తిప్పికొట్టడమా, కాచుకోవడమా, లేపడమా?

పదాలపిచ్చి:
పెద్దలకు నమస్కారం. టెన్నిస్ గురించి తెలుగులో రాసేటప్పుడు సర్వీసు చేసేవాడికి మాటల కరువు లేదు. ఏస్‌లు (అవతలివాడికి అందని సర్వీసులు) ‘సంధిస్తాడు’, తను సర్వీసు చేసే గేము గెలిస్తే సర్వీసు ‘నిలబెట్టుకుంటాడు’. మాట నిలబెట్టుకున్నట్టు, పరువు నిలబెట్టుకున్నట్టు. ఎంత బాగుందో చూడండి. అవతల నిలబడి ఆ బంతిని తిరిగి పంపేవాడికి మాత్రం ఉన్నది ఒక్కటే, ‘తిప్పికొట్టాడు’. అదీ ప్రతిపక్షాల ఆరోపణలను రోజూ తిప్పికొట్టీ కొట్టీ అరిగిపోయిన మాట.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పొడగరి ఆటగాళ్ల గురించి ఓ వ్యాసం రాస్తున్నా. జాన్ ఇస్నర్ 208 సెంటీమీటర్లు, ఇవో కార్లోవిచ్ 211. ఏస్‌లు ఒక్కొక్కరివి పదమూడు వేల పైమాటే. ఎదుటివాడి సర్వీసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ తేలిపోయేవారు. ‘తిప్పికొట్టడంలో బలహీనులు’ అని రాసి కొట్టేశాను. వాళ్లకు కొట్టడం రాకనా? ‘రిటర్న్’ అని వదిలేయమని మావాడి సలహా. మనసొప్పట్లేదు.

బేస్‌లైన్ బాబాయ్:
మనసొప్పకపోవడం సబబే. అక్కడ రెండు పనులున్నాయి, మీరు ఒకే మాటలో ఇరికిస్తున్నారు.

ముందు ఎత్తు లెక్క చూడండి. నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లు. సర్వీసు దాటకూడని అవతలి సర్వీసు గీత నెట్ నుంచి 6.4 మీటర్లు, కొట్టేవాడు నిలబడే బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) నుంచి అయితే దాదాపు 18.3. బంతి వంపు తిరగకుండా తిన్నగా పోతుందనుకుని దారం లాగితే, సుమారు 2.6 మీటర్ల పైనుంచి కొడితేనే నెట్ దాటి లోపల పడుతుంది. మామూలు ఎత్తువాడు చెయ్యి, రాకెట్ చాపినా ఆ ఎత్తుకు కొంచెమే పైన ఉంటాడు. ఇస్నర్ మూడు మీటర్లు దాటి కొట్టేవాడు. వాడికది మేడ మీంచి రాయి వేసినట్టు.

అదే ఒళ్లు అవతలి పక్కకు వెళ్తే బరువు. బంతి వచ్చేది అర సెకనుకు కాస్త అటూ ఇటూ. అంతలో పక్కకు అడుగెయ్యాలి, మోకాళ్లు వంచాలి, పొడుగు చెయ్యి మడవాలి. ఒంటి మీదికి వస్తే మరీ అవస్థ. అందుకని వాళ్లు చేసేది ‘కాచుకోవడం’. రాకెట్ అడ్డం పెడతారు, తగిలితే తగిలినట్టు. ‘బ్రేక్ పాయింట్ (సర్వీసు పోయే ప్రమాదమున్న పాయింటు) కాచుకున్నాడు’ అని పేపర్లో రాస్తారే, ఆ కాచుకోవడమే. ‘తిప్పికొట్టడం’ అంటే అమెరికా ఆటగాడు అగస్సీది. బంతి ఇంకా పైకి లేస్తుండగానే, వచ్చిన ఊపునే వాడుకుని మళ్లీ అవతలికి. రెండింటికీ ఒకే మాట వాడితే అగస్సీకి అన్యాయం.

ఇంకోటి, దీన్ని ఎత్తు శాపంగా రాయకండి. రష్యా ఆటగాడు మెద్వెదేవ్ 198 సెంటీమీటర్లు. బేస్‌లైన్‌కు ఎంతో వెనక నిలబడి చక్కగా తిప్పికొడతాడు. ఇస్నర్ లాంటివాళ్లు తమ సర్వీసు పోదన్న ధీమాతో అవతలివాడి గేముల్లో కాళ్లకు విశ్రాంతి ఇచ్చుకుని టైబ్రేక్ (గేములు సమమైతే సెట్‌ను తేల్చే చివరి గేము) కోసం చూస్తారు. అది ఒంటి తీరు కంటే అలవాటు అని నా అభిప్రాయం.

కరీంనగర్ పోరడు:
మా దిక్కు ఒక సామెతున్నది బాబాయ్. ‘పొట్టోన్ని పొడుగోడు కొడితే పొడుగోన్ని పోశమ్మ కొట్టిందట.’ ఇస్నర్‌కు అచ్చం గట్లనే అయింది. 2010 వింబుల్డన్ల ఫ్రాన్స్ ఆటగాడు మహూ మీద ఆట మూడు రోజులు నడిచింది. 11 గంటల 5 నిమిషాలు, ఆఖరి సెట్‌ల టైబ్రేక్ లేకపాయె, 70-68. స్కోరు బోర్డు 47-47 కాడ్నే ఆగిపోయింది పాపం. ఇస్నర్ ఏస్‌లు 113, మహూవి 103. గెలిచిండు సరే, తెల్లారి నెదర్లాండ్స్ ఆటగాడు డి బాకర్ చేతిల 0-6, 3-6, 2-6. ఒక్క ఏస్ పడలే! పోశమ్మ కొట్టుడంటే అదే.

పదాలపిచ్చి:
సామెత వ్యాసంలోకి ఎక్కేసింది తమ్ముడూ! ఆ మ్యాచ్‌లో 183 గేములు జరిగితే సర్వీసు పోయింది (సర్వీసు చేసినవాడు గేము ఓడింది) మూడంటే మూడుసార్లు. ఇద్దరూ నిలబెట్టుకోవడమే, తిప్పికొట్టేవాడేడీ?

ఊరి వాలీబాల్:
మా ఊళ్లో సర్వీసు వస్తే ‘లేపు, లేపు’ అని అరుస్తాం. నేలకు జానెడెత్తులో ఉన్న బంతి కిందికి చేతులు పెట్టి లేపడం. ఆరడుగుల మావాడొకడు నెట్ దగ్గర పులి, వెనకాల నిలబెడితే లేపలేడు. వంగితేగా లేపేది!

ఛాందసుడు:
‘సంధించు’ మీద నా అభ్యంతరం నమోదు చేసుకోండి. వింటికి బాణం తొడగడమే సంధించడం. వదలడం తర్వాతి సంగతి. సంధించి ఊరుకుంటే అది ఫాల్టు (తప్పు సర్వీసు) కూడా కాదు.

బేస్‌లైన్ బాబాయ్:
అయ్యా, ‘ప్రశ్నలు సంధించారు’ అన్నప్పుడు ప్రశ్న నోట్లోనే ఉందా? వాడుక ఎప్పుడో వదిలేసింది బాణాన్ని.

పదాలపిచ్చి:
లేపడం బాగుంది కానీ టెన్నిస్‌లో లేపితే అవతలివాడు పైనుంచి బాదేస్తాడు. దాన్ని వాలీబాల్‌కే ఉంచుదాం. బాబాయ్ చెప్పిన రెండు మాటలూ తీసుకుంటున్నా.

ఇప్పుడు అసలు వాక్యం. 2018 వింబుల్డన్ సెమీస్, అవతల 203 సెంటీమీటర్ల కెవిన్ ఆండర్సన్. ఐదో సెట్ 24-24, సర్వీసు ఇస్నర్‌ది. పాయింటు మధ్యలో ఆండర్సన్ జారి పడ్డాడు, లేచాడు, కుడిచేతికి మార్చుకునే వ్యవధి లేక రాకెట్ ఎడమ చేతిలో ఉండగానే బంతిని అవతలికి పంపాడు. ఆ పాయింటూ గెలిచాడు, ఆ గేమూ, తర్వాతదీ గెలిచాడు. 26-24. మొత్తం 6 గంటల 36 నిమిషాలు. మరుసటి ఏడాది అక్కడ ఆఖరి సెట్‌కూ 12-12 దగ్గర టైబ్రేక్ పెట్టేశారు, 2022లో దాన్ని 6-6 దగ్గరికి మార్చారు. ఆ ఎడమ చేతి దెబ్బకు ఏం రాయను?

కరీంనగర్ పోరడు:
‘కాచుకున్నడు’ అని రాయన్నా. పడ్డోడు తిప్పికొడతడా?

బేస్‌లైన్ బాబాయ్:
బంతిని కాచుకున్నాడు, మ్యాచ్‌ను తిప్పికొట్టాడు. రెండూ వాడుకో.

ఛాందసుడు:
మ్యాచ్‌ను తిప్పికొట్టరు. మలుపు తిప్పుతారు.