డార్సీ ఒప్పందంలో నికర లాభం ఏ లెక్కన కట్టేవారు? తెలిసినవారు చెప్పండి

అందరికీ నమస్కారం. ఎం.ఏ. చరిత్ర ప్రాజెక్టు కోసం ఇరాన్ చమురు ఒప్పందాలు చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

1901 మే 28న ఇరాన్ రాజు ముజఫ్ఫరుద్దీన్ షా, బ్రిటిష్ వ్యాపారి విలియం నాక్స్ డార్సీకి చమురు వెలికితీసే హక్కు 60 ఏళ్లకు రాసిచ్చాడు. ఉత్తరాన ఐదు రాష్ట్రాలు తప్ప దేశమంతా! బదులుగా 20,000 పౌండ్ల నగదు, అంతే విలువైన షేర్లు, ఏటా నికర లాభంలో 16 శాతం. పదో అధికరణం ప్రకారం ఆ వాటా, ఏర్పడబోయే కంపెనీ లేదా కంపెనీల లాభం నుంచి రావాలి. ఆ "కంపెనీల" కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి పెట్టుకున్నాను. మరి ఓడలు నడిపిన అనుబంధ సంస్థల లాభం కూడా ఇందులోకి వస్తుందా? ఈ వాటా లెక్కపై ఇరాన్ ప్రభుత్వానికి, కంపెనీకి మధ్య 1920లో కుదిరిన ఆర్మిటేజ్-స్మిత్ ఒప్పందం దీన్ని ఎలా తేల్చింది?

1933 నాటి కొత్త ఒప్పందంలో నికర లాభంలో ఆ 16 శాతం వాటా పోయి, టన్నుకు 4 షిల్లింగుల రాయల్టీ (తీసిన చమురుకు ప్రభుత్వానికి చెల్లించే సొమ్ము) వచ్చింది. విస్తీర్ణం లక్ష చదరపు మైళ్లకు తగ్గించారు, అది మంచిదే. కానీ 1961లో ముగియాల్సిన గడువు 1993కు జరిగింది. అప్పటి ఇరాన్ రాజు రెజా షా దీనికి ఎందుకు తలూపాడో నాకు ఎంతకీ మింగుడు పడటం లేదు.

అకౌంట్స్ తెలిసినవారు, చమురు రంగంలో పనిచేసినవారు ఎవరైనా చిన్న లెక్క వేసి చూపిస్తే చాలా మేలు చేసినవారవుతారు.