సరసీనియా కూజా మొక్కను విడదీసి కుండీ మార్చడం ఎప్పుడు, ఎలా?

ప్రశ్న: నమస్కారం. మేము అమెరికాలోని జార్జియాలో ఉంటున్నాము. మా పెరట్లోని సరసీనియా ఫ్లేవా (కూజాల్లాంటి ఆకులతో పురుగులను పట్టే మొక్క) కుండీ అంచుల దాకా అల్లుకుపోయింది, నడుమ భాగం మాత్రం ఎండి బోసిపోయింది. దానిని ఎప్పుడు విడదీయాలి? మామూలు తోట మట్టి సరిపోతుందా?

జవాబు 1: చలికాలపు నిద్ర ముగియవస్తుండగా, కొత్త చిగుళ్లు సాగకముందే విడదీయడం మంచిదండి. మొక్కను కుండీ నుంచి తీసి, వాననీటిలో మెల్లగా కడిగితే, నేలకు అడ్డంగా పాకిన దుంప కాండం స్పష్టంగా కనబడుతుంది. ప్రతి ముక్కకూ కనీసం ఒక చిగురు మొన, కొన్ని వేళ్లు ఉండేలా చూసుకొని, సహజంగా సన్నబడిన చోట విరవండి. లోపల తెల్లగా, గట్టిగా ఉన్నదే బతికిన భాగం. గోధుమరంగుకు తిరిగి మెత్తబడినదాన్ని శుభ్రమైన కత్తితో తీసేయండి.

జవాబు 2: తోట మట్టి, పశువుల ఎరువు, కంపోస్టు ఏవీ వద్దు. పోషకాలు బాగా తక్కువగా ఉన్న తడి నేలల్లో పెరిగిన జాతి కనుక వీటి వేళ్లు లవణాలను తట్టుకోలేవు, అందుకే కుళాయి నీరు కూడా చాలాచోట్ల పనికిరాదు. ఎరువు కలపని పీట్ మాస్ (బురదనేలల్లో కుళ్లిన నాచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) సమపాళ్లలో కలిపి, ముందే బాగా నానబెట్టి, చిగురు మొన పైకి కనబడేలా నాటండి. కుండీని వాననీరు లేదా డిస్టిల్డ్ నీరు పోసిన పళ్లెంలో ఉంచండి. వేళ్లు కుదురుకునే ఏడాది పూమొగ్గను తుంచేస్తే మొక్క బలం దుంపకే దక్కుతుంది.

ప్రశ్న: హైదరాబాదులో మా అమ్మగారి దగ్గరున్న మరో రకం కూజా మొక్క నెపంథిస్‌కూ ఇదే పద్ధతేనా?

జవాబు 1: కాదండి. అది తీగ జాతి. కాండం అడుగున వచ్చే పిలకలను వేళ్లతో సహా వేరుచేయవచ్చు, లేదా కాండం ముక్కలు నాటవచ్చు. దానిని నీళ్ల పళ్లెంలో మాత్రం నిలపవద్దు, వేళ్లు కుళ్లిపోతాయి.