మంగలి కత్తి నూరడం సహజ సానరాయి మీద నేర్చుకోవచ్చా, కృత్రిమ రాయితోనే మొదలుపెట్టాలా?

కొత్తచేయి:
నా దగ్గర ఒక కోటిక్యూల్ రాయి (బెల్జియంలో దొరికే సహజ సానరాయి), జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన ఒక పాత కత్తి ఉన్నాయి. నూరడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. ఎక్కడ చూసినా "సహజ రాళ్ళు చేయి తిరిగినవాళ్ళకే, ముందు కృత్రిమ రాళ్ళు కొనుక్కో" అనే అంటున్నారు. నా కత్తి చేతి మీది వెంట్రుకలను గొరుగుతోంది కానీ గడ్డం గీసుకుంటే లాగుతోంది. లోపం రాయిదా, నా చేతిదా? ఉన్న రాయిని పక్కన పెట్టేయాల్సిందేనా?

నీటిసాన:
లోపం రాయిదా చేతిదా అని మీరు అడగాల్సి వచ్చింది చూడండి, నేను కృత్రిమ రాయి కొనమనేది అందుకే. రాయి నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. నార్టన్ కంపెనీ 8000 నంబరు రాయిలో రేణువు సుమారు 3 మైక్రాన్లు. ఆ నంబరు రాయి ఎవరు కొన్నా అంతే. ఫలితం రాకపోతే చేతిలోనే ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. సహజ రాయికి ఆ హామీ లేదు. ఒకే గనిలో పక్కపక్క పొరల నుంచి తీసిన రెండు రాళ్ళు కూడా వేరు వేరు వేగంతో కోస్తాయి. నేర్చుకునేటప్పుడు ఒకేసారి రెండు తెలియని విషయాలతో కుస్తీ పడితే ఏదీ ఒంటబట్టదు. 1000 మీద బెవెల్ (అంచు దగ్గర కలిసే రెండు వైపుల వాలు) తేల్చండి, 4000, 8000 మీద నునుపు చేయండి. కోటిక్యూల్ ఎక్కడికీ పోదు, తర్వాత దాని దగ్గరికి రావచ్చు.

వెన్నుగీత:
నీటిసాన గారి వాదనలో బలం ఉంది. అయినా కోటిక్యూల్ విషయంలో నేను ఒప్పుకోను. జపాన్ రాళ్ళకూ, జర్మనీలోని థురింజియా పలకరాళ్ళకూ ఆ మాట చాలావరకు నప్పుతుంది. అవి ప్రధానంగా చివరి నునుపు కోసం వాడేవి, మొద్దు కత్తిని వాటి మీద పెట్టుకుంటే రోజంతా రుద్దాల్సిందే. కోటిక్యూల్ తీరు వేరు. బెల్జియంలో ఆర్డెన్ కొండల్లో, వియెల్‌సామ్ చుట్టుపక్కల దొరికే ఈ రాతిలో మెత్తటి అభ్రకపు పొరల మధ్య స్పెసార్టిన్ గార్నెట్ అనే గట్టి ఖనిజపు రేణువులు కిక్కిరిసి ఉంటాయి. చిన్న రాతిముక్కతో పైన రుద్ది స్లరీ (రాతిపొడి కలిసిన నీళ్ళు) తీస్తే ఆ గార్నెట్లు విడివడి ఉక్కును చకచకా కోస్తాయి. ఉత్త నీళ్ళతో నూరితే రాతిలో ఇరుక్కుని ఉన్న గార్నెట్లే పైపైన తాకుతాయి కాబట్టి గీతలు లోతుగా పడవు. అంటే ఒక్క రాయే బెవెల్ తేల్చడానికీ, చివరి నునుపుకీ సరిపోతుంది. ఎప్పుడు ఏది కావాలో నీళ్ళ పాళ్ళతో మీరే నిర్ణయిస్తారు.

కత్తి లాగడానికి కారణం నాకు తెలిసి తొంభై పాళ్ళు బెవెలే. రెండు వైపుల వాలులూ అంచు దగ్గర ఇంకా కలవలేదు. ఈ లోపం ఉన్నంత కాలం ఎంత నున్నటి రాయి మీద రుద్దినా వృథాయే. కొత్తవాళ్ళు బెవెల్ పూర్తికాకుండానే పైనంబరు రాయికి వెళ్ళిపోతారు, తర్వాత పైనంబరు రాయిని నిందిస్తారు. కృత్రిమ రాళ్ళ మీద నేర్చుకునేవాళ్ళకీ ఇదే జరుగుతుంది.

వెన్ను రాతికి ఆని ఉంటుంది కాబట్టి కోణం గురించి టెన్షన్ అక్కర్లేదు. చాలా కత్తుల్లో రెండు వాలులూ కలిసి 16, 17 డిగ్రీల దగ్గర ఉండేలా వెన్ను మందం, అలుగు వెడల్పు ముందే కుదిర్చి ఉంటాయి. మీరు చూసుకోవాల్సింది ఒత్తిడి, అంచు మొత్తం రాతికి తగలడం, అంతే.

తోలుపట్టా:
రాయి ఏదైనా సరే, ముందు ఒక పని చేయండి. చేయి తిరిగిన ఎవరైనా నూరిన కత్తితో ఒకసారి గడ్డం గీసుకోండి. చేరాల్సిన చోటు ఎలా ఉంటుందో చర్మానికి తెలియకుండా "ఇంకా పదును రావాలా, ఇది చాలా" అన్నది ఎలా తేల్చుకుంటారు? తర్వాత తోలు పట్టా సంగతి. పట్టా మీద వెన్నును ఎత్తి అంచును లాగితే, రాతి మీద తెచ్చిన పదునంతా గుండ్రబడిపోతుంది. పట్టాను బిగించి, వెన్ను ముందు నడిచేలా, బరువు వేయకుండా లాగాలి.

నీటిసాన:
వెన్నుగీత గారూ, బెవెల్ గురించి మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను 1000 రాయి కొనమంటున్నదీ ఆ బెవెల్ కోసమే. కొత్తవారు స్లరీని పలుచన చేస్తూ పోయే డైల్యూకాట్ పద్ధతిలో ఎక్కడ తప్పుతారంటే, బెవెల్ పూర్తికాకముందే నీళ్ళు కలిపేస్తారు. నీళ్ళు కలిపాక రాయి నెమ్మదిస్తుంది, ఇక బెవెల్ ఎప్పటికీ తేలదు. ఇంకోటి, చిక్కటి స్లరీలో తేలే గార్నెట్లు అంచు కొసనే కాస్త మొద్దుబారుస్తాయి, దాంతో ఎంత దూరం వచ్చామో పరీక్షించి చూడటమూ కష్టమే. 1000 మీద ఈ గందరగోళం ఉండదు. బెవెల్ దాని మీద తేల్చి, తర్వాతిదంతా కోటిక్యూల్ మీద చేసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

వెన్నుగీత:
అంతవరకు నేనూ సరేనంటాను. రాయి కొనే ముందు మాత్రం బెవెల్ ఎక్కడ ఆగిందో చూసుకోమంటాను. కొత్తచేయి గారూ, పర్మనెంట్ మార్కర్‌తో రెండు వాలుల మీదా రంగు పూయండి. పల్చటి స్లరీ మీద బరువు వేయకుండా కొద్దిసార్లు నడిపి, భూతద్దంలో చూడండి. రంగు మిగిలిన చోట రాయి తగలడం లేదు.

డైల్యూకాట్ కష్టమనిపిస్తే యూనికాట్ ఉంది. స్లరీతో బెవెల్ తేల్చాక వెన్నుకి ఒక పొర ఎలక్ట్రికల్ టేపు అంటించి, పల్చటి స్లరీ మీద, ఆపైన ఉత్త నీళ్ళ మీద ముగించడం. టేపు వల్ల మొత్తం కోణం దాదాపు ఒక డిగ్రీ పెరిగి, అంచు కొసన సన్నటి రెండో వాలు పడుతుంది. పని చేయాల్సిన వెడల్పు తగ్గిపోతుంది కాబట్టి నెమ్మదైన రాయి కూడా త్వరగా ముగిస్తుంది. కొత్తవాళ్ళకి నేను దీన్నే చెబుతాను.

కొత్తచేయి:
మార్కర్ పూసి చూశాను. మధ్యలో, కొస దగ్గర రంగు శుభ్రంగా పోయింది. పిడి వైపు ఒక పక్క మాత్రం అంచు వెంట గీతలా మిగిలింది. ఇప్పుడు ఆ చోట గట్టిగా నొక్కి రుద్దాలా?

నీటిసాన:
నొక్కవద్దు. అలుగు వంగి అక్కడ వెన్ను అరుగుతుంది. ముందు రాయి చదునుగా ఉందో లేదో చూడండి. పెన్సిల్‌తో గళ్ళు గీసి, గాజు పలక మీద పరిచిన వాటర్ పేపర్ మీద రుద్దండి. గళ్ళన్నీ ఒకేసారి చెరిగిపోతే చదునుగా ఉన్నట్టే.

వెన్నుగీత:
రాయి చదునుగానే ఉంటే, పిడి దగ్గరి మందపాటి ఉక్కు రాతి అంచు మీదికెక్కి అలుగును లేపుతోందేమో చూడండి. పాత జోలింగెన్ కత్తుల్లో ఇది మామూలే. ఆ భాగాన్ని రాతి బయట ఉంచి, కత్తిని కొంచెం ఏటవాలుగా పట్టుకుని, పిడి వైపు నుంచి కొస వరకు రాతికి అడ్డంగా జరుపుతూ నడపండి. మళ్ళీ రంగు పూసి చూడండి. రంగు పూర్తిగా పోయి, వెలుతురులో అంచును పైకి పట్టుకున్నప్పుడు ఎక్కడా మెరుపు గీత కనబడకపోతే, అప్పుడు నీళ్ళు కలపడం మొదలుపెట్టండి.