తుంబా పొడిలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువట, షుగర్‌కు ఇవ్వొచ్చా?

జోధ్‌పూర్‌లో తెలుగోణ్ణి:
ఇక్కడ థార్ ఇసుకలో తుంబా తీగలు పాకుతుంటాయి. మన చేదు పుచ్చే. ఆ కాయలు ఎండబెట్టి, పొడి కొట్టి షుగర్ మందని అమ్ముతున్నారు. "ఎడారి మొక్క, యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, రోజూ ఒక చెంచా" అన్నాడు దుకాణదారు. గుంటూరులో ఉన్న నాన్నకు పంపుదామనుకుంటున్నా. ఏమంటారు?

ఆయుర్వేద విద్యార్థి:
తీసిపారేసే మాట కాదన్నా. మండే ఎండను, నీటి కరువును తట్టుకోవడానికి ఎడారి మొక్కలు ఫినాలిక్కులు, ఫ్లేవనాయిడ్లు అనే యాంటీ ఆక్సిడెంట్లు తయారుచేసుకుంటాయి. తుంబా మా ఇంద్రవారుణి. 2009లో ఇరాన్‌లో 50 మంది షుగర్ రోగుల మీద పరీక్షించారు. రెండు నెలలకు తుంబా తీసుకున్నవాళ్లలో షుగర్ తగ్గింది. ఇంతలోనే ల్యాబ్ వాళ్లు వచ్చి భయపెడతారు, అదే నాకు నచ్చదు.

ల్యాబ్ అక్క:
భయపెట్టడం కాదు తమ్ముడూ, యాంటీ ఆక్సిడెంట్ల పరీక్ష చేసేదాన్ని కాబట్టి చెబుతున్నా. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో మొక్క సారం వేస్తాం. రంగు విరిగి పసుపుకు తిరుగుతుంది. ఎంత విరిగితే అంత యాంటీ ఆక్సిడెంట్ శక్తి అని 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తాం. అంతే. ఆ గొట్టంలో పేగు లేదు, కాలేయం లేదు. గ్రీన్ టీ పోసినా రంగు విరుగుతుంది. పైగా మేము చాలాసార్లు మిథనాల్ అనే ఆల్కహాల్‌తో తీసిన సారం వాడతాం. నాన్నగారు తాగేది నీళ్లలో కలిపిన పొడి.

అమెరికా నైరుతి ఎడారుల్లో క్రియోసోట్ పొద ఉంది. దాని ఆకులో ఎన్‌డీజీఏ అనే గట్టి యాంటీ ఆక్సిడెంట్ ఉంటుంది. నూనెలు, కొవ్వులు ముక్కిపోకుండా ఒకప్పుడు దాన్నే కలిపేవారు. 1968లో అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని సురక్షిత పదార్థాల జాబితా నుంచి తీసేసింది. ఆ ఆకునే చాపరాల్ పేరుతో మింగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతింది. యాంటీ ఆక్సిడెంట్ అయినంత మాత్రాన మంచిదే కానక్కర్లేదు.

ఇక తుంబా. దాని చేదు కుకుర్బిటాసిన్లనే విష పదార్థాలది. చేదెక్కిన సొరకాయ రసం తాగి మనవాళ్లు ఆస్పత్రి పాలైంది వీటివల్లే. తుంబా తిని రక్త విరేచనాలైనవాళ్లూ ఉన్నారు. నువ్వన్న ఇరాన్ అధ్యయనంలో ఇచ్చింది రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాములు. చెంచా పొడి అంటే రెండు మూడు గ్రాములు, దాదాపు పదింతలు! ఆ షుగర్ తగ్గింది కూడా యాంటీ ఆక్సిడెంట్ల వల్లేనని అందులో తేలలేదు.

ఆయుర్వేద విద్యార్థి:
మోతాదు సంగతి ఒప్పుకుంటున్నా అక్కా. ఇంద్రవారుణిని మాకూ విరేచన ద్రవ్యంగానే చెబుతారు, చెంచాలతో ఇమ్మని ఎవరూ చెప్పరు. కానీ దుకాణదారు తప్పుకు మొక్కను తప్పుపట్టకండి. 50 మందితో ఆగకుండా పెద్ద అధ్యయనం చేయాలి.

ల్యాబ్ అక్క:
చేయాలి. అంతవరకూ పెద్దాయన మీద ప్రయోగం వద్దు.

జోధ్‌పూర్‌లో తెలుగోణ్ణి:
పంపడం మానుకున్నా. నాన్న మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకుంటున్నారని ముందే చెప్పాల్సింది. పోనీ, సాంగ్రీ పంపనా?

ల్యాబ్ అక్క:
అది జమ్మి కాయే కదా, అక్కడివాళ్లు రోజూ కూర వండుకునేది. పంపండి. మాత్రలు మాత్రం ఆపొద్దని చెప్పండి.