మార్కిన్హోస్ పెనాల్టీ, నెయ్‌మార్ ఐదో నంబరు: ఎవరైనా కాస్త వివరించండి

2022 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో క్రొయేషియా మీద షూటవుట్‌లో (మ్యాచ్ సమమైతే ఫలితం తేల్చడానికి చెరో ఐదేసి పెనాల్టీలు కొట్టించడం) మార్కిన్హోస్ కొట్టిన నాలుగో పెనాల్టీ పోస్టుకు తగిలి బ్రెజిల్ ఇంటికెళ్లిపోయింది కదా, దాని గురించి మా ఫ్రెండ్స్‌లో గొడవ ఇంకా తెగట్లేదు. డిఫెండర్‌తో ఎందుకు కొట్టించారు అని సగం మంది. కానీ 2016 ఒలింపిక్ ఫైనల్ షూటవుట్‌లో జర్మనీ మీద రెండో కిక్ గోల్ చేసింది ఇతనే, ఐదోది కొట్టి స్వర్ణం తెచ్చింది నెయ్‌మార్. పైగా క్రొయేషియా మ్యాచ్‌లో మొదట తప్పింది రోడ్రిగో, అతన్ని ఎవరూ ఏమీ అనరు, నాకు అదే బాధ.

నా సందేహం ఇదీ. కొట్టేవాళ్ల క్రమం ముందుగా రెఫరీకి చెప్పాల్సిన పని లేదు. మరి రోడ్రిగో తప్పాక, ఐదో కిక్కు కోసం ఆపి ఉంచిన నెయ్‌మార్‌ని ముందుకు తేవచ్చు కదా, ఎందుకు తేలేదు? మీలో ఎవరైనా కోచింగ్ చేసినవాళ్లు, కనీసం జిల్లా స్థాయిలో షూటవుట్ ఆడినవాళ్లు ఉంటే చెప్పండి, అప్పటికప్పుడు మార్చితే మిగతావాళ్లకి టెన్షన్ పెరుగుతుందా?

ఇంకొకటి. 2023 అక్టోబరులో ఉరుగ్వేతో ఆడుతూ నెయ్‌మార్ మోకాలి లిగమెంట్ తెగింది. అంత పెద్ద గాయం తర్వాత ముప్పై దాటిన ఆటగాడు పాత వేగంతో ఆడగలడా? ఫిజియోలు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.